ఇంకో పావు చుట్టు

షెడ్డులో పెట్రోలు వాసన మొదలైన మూడో రోజు నేను స్పానరు పట్టుకున్నాను. కథంతా అక్కడే చెడింది.

బండి పాత పెట్రోలు జీపు. నాన్నగారి నుంచి నాకొచ్చింది. రోజూ తిప్పను. ఆదివారం పొద్దున కాసేపు, పండక్కి ఊరెళ్లినప్పుడు ఇంకాసేపు, అంతే. ఏడాదికోసారి ఒక గ్యారేజీలో ఇస్తాను. ఈసారి వాళ్లు కార్బ్యురేటరు (పెట్రోలుని గాలితో కలిపే భాగం) విప్పి, కడిగి, మళ్లీ పెట్టారు. తెచ్చుకున్న రోజు బాగానే ఉంది. మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీయగానే గుప్పున వాసన. బానెట్ ఎత్తి చూస్తే, పెట్రోలు పంపు నుంచి కార్బ్యురేటరుకి వెళ్లే సన్నటి ఇనుప పైపు చివర, నట్టు కింద, చిన్న తడి. బొట్టు పడటం లేదు, చెమరుస్తోంది. తుడిచాను. సాయంత్రానికి మళ్లీ చెమర్చింది.

ఇలాంటప్పుడు ఎవరి చెయ్యయినా చేసే పనే నా చెయ్యీ చేసింది. స్పానరు పెట్టి ఇంకో పావు చుట్టు బిగించాను. తడి ఆగింది. నాకు నేనే భుజం తట్టుకున్నాను. రెండు రోజులకి మళ్లీ వచ్చింది, ఈసారి కాస్త ఎక్కువగా. ఇంకో పావు. ఆ తర్వాతి సారి 'టిక్కు'మని చిన్న చప్పుడయింది, స్పానరు ఒక్కసారిగా తేలికైపోయింది. నట్టు నిలువునా చీలింది. ఈ ఇంజన్లలో కార్బ్యురేటరుకి కాస్త కిందుగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డు, అంటే ఇంజన్ పొగ బయటికి పోయే, బాగా వేడెక్కే గొట్టం ఉంటుంది. అది చల్లగా ఉన్న పూట చీలింది కాబట్టి తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ నట్టు నా బల్ల మీదే ఉంది. తప్పు గ్యారేజీదా, నాదా అని చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరిదీ. వాళ్లు మొదట చెడగొట్టారు, నేను పూర్తి చేశాను. ఇద్దరమూ నమ్మింది ఒకే సిద్ధాంతాన్ని: కారుతోందంటే బిగింపు చాలలేదని. ఇంజన్ల దగ్గర నాకు తెలిసిన నమ్మకాల్లో ఇంత హాని చేసేది ఇంకోటి లేదు.

పైపు జాయింటులో లీకేజీని ఆపేది నట్టు కాదు. దాని మరలు అసలే కాదు. పైపు చివరని గరాటు మూతిలా వెడల్పు చేసి ఉంటారు. దాన్ని ఫ్లేర్ అంటారు. ఆ గరాటు, ఎదురుగా ఉన్న యూనియన్‌లోని (నట్టు ఎక్కే ఎదుటి ముక్క) శంకు ఆకారపు సీటు మీద సరిగ్గా కూర్చోవాలి. రెండు లోహపు ముఖాలు, సన్నటి వలయంలాగా, చుట్టూ ఒకేలా తాకాలి. నట్టు వాటిని దగ్గరికి తెచ్చి పట్టుకుంటుంది, అంతవరకే దాని ఉద్యోగం. ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు పాతబడితే మూతని ఎంత నొక్కినా ఆవిరి పక్క నుంచి పోతూనే ఉంటుందని వంటింట్లో అందరికీ తెలుసు. అప్పుడు గాస్కెట్టు మారుస్తాం తప్ప మూత మీద రోలు పెట్టం. బానెట్ కింద మాత్రం రోజూ రోళ్లు ఎత్తుతుంటాం.

నా చిన్నప్పుడు తెనాలి వైపు మా ఊరి జీపులకీ లారీలకీ ఒకే ఒక్క మేస్త్రి ఉండేవాడు. బడి లేని రోజుల్లో నేను ఆయన షెడ్డులోనే తిరిగేవాణ్ణి. ఒకసారి నట్టు బిగించమని నా చేతికిచ్చి, నేను రెండు చేతులతో వేలాడుతుంటే ఆయనన్న మాట నాకింకా గుర్తుంది: "ఏందబ్బాయ్, మొహం మొహం కలిస్తే ఆగుద్ది గానీ, మెడ పిసికితే ఆగుద్దా?"

మెడ పిసికితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పగలను. యూనియన్ చాలావరకు ఇత్తడిది, పైపు ఇనుపది. ఎక్కువ బిగిస్తే ఇత్తడి సీటు నొక్కుకుపోతుంది, దాని మీద గాడి పడుతుంది. లేదంటే ఫ్లేరే పల్చబడి అంచున చిట్లుతుంది. ఆ పూటకి లీకేజీ ఆగుతుంది, ఎందుకంటే కొత్తగా నలిగిన లోహం కొత్తగా ఒకచోట తాకింది. ఇంజన్ వేడెక్కి, చల్లారి, నాలుగు గతుకులు తగిలాక ఆ తాకిడి సడలుతుంది. మళ్లీ పావు చుట్టు. అట్లా ఒక్కో పావు చుట్టూ రేపటి లీకేజీకి ఇవాళ కట్టే బయానా.

పైగా అక్కడ ఆపాల్సిన ప్రెషరు ఎంతని! ఇలాంటి పాత మెకానికల్ పంపు తోసేది సుమారు 3 నుంచి 5 పీఎస్‌ఐ. కారు టైరులో కొట్టించే గాలిలో ఆరో వంతు లోపే. ఆ కాస్త ఒత్తిడిని ఆపడానికి నట్టు చీలేంత బలం కావాల్సి వచ్చిందంటే, లోపల ముఖాలు కలవడం లేదని నాకు అప్పుడే వెలగాల్సింది.

ఆపడం తేలికే గానీ ఆగనిది మాత్రం తేలిక వ్యవహారం కాదు. పెట్రోలు ఆవిరి మంట అందుకోవడానికి మన ఎండలు అక్కర్లేదు, దాని ఫ్లాష్ పాయింటు (ఆవిరి మంట అందుకోగల కనీస ఉష్ణోగ్రత) సున్నాకి 40 డిగ్రీల దిగువన ఉంటుంది. గాలిలో సుమారు 1.4 శాతం కలిసినా నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేల మీద పాకుతూ వెళ్లి మూలల్లో, గుంటల్లో కూర్చుంటుంది. మా షెడ్డుకి కిటికీ పైన ఉంది. మూడు రోజులు దాన్ని తెరిచిపెట్టి గాలాడుతోంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. కింద తలుపు సందు తప్ప ఇంకో దారి లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

నట్టు చీలాక నేను చేసిన రెండో తెలివితక్కువ పని, వీధి చివర హార్డ్‌వేర్ షాపుకి వెళ్లడం. షాపాయన కొత్త నట్టుతో పాటు తెల్ల టెఫ్లాన్ టేపు చుట్ట కూడా చేతిలో పెట్టాడు. "ఇది చుట్టి బిగించండి సార్, చచ్చినా కారదు" అన్నాడు. పాపం ఆయన కుళాయిల మనిషి. కుళాయి పైపు మరలు కొన్ని కోసుగా, లోపలికి వెళ్లేకొద్దీ బిగుసుకునేలా ఉంటాయి. అక్కడ లీకేజీ ఆపే చోటు మరలే కాబట్టి టేపు పనికొస్తుంది. ఫ్లేర్ నట్టు మరలు, కాసేపట్లో చెప్పబోయే బెంజో బోల్టు మరలు అట్లా ఉండవు, సమంగా, తిన్నగా ఉంటాయి. పెట్రోలు మరల దాకా వచ్చిందంటేనే అసలు సీటు దగ్గర కథ ముగిసిందని అర్థం. అక్కడ టేపు చుట్టడమంటే వీధి గుమ్మం తెరిచిపెట్టి పెరటి తలుపుకి తాళం వేసినట్టు. అంతటితో పోదు. బిగించేటప్పుడు చిరిగిన టేపు పీలికలు పైపులోకి జారి, కార్బ్యురేటరు జెట్టులోనో (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం), ఇంజెక్టరు ముందున్న సన్నటి జల్లెడలోనో ఇరుక్కుంటాయి. నెల తర్వాత బండి పికప్ పోయిందని ఇంకొకరి దగ్గరికి వెళ్తాం. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పరు.

ఎం-సీల్ గురించి కూడా ఒక మాట. నీళ్ల తొట్టికి అది దేవుడిచ్చిన వరం. పెట్రోలు పైపు జాయింటు మీద మట్టిముద్దలా దాన్ని మెత్తిన బండ్లు నేను చాలా చూశాను. అడుగున లీకేజీ అట్లాగే ఉంటుంది. ముద్ద కింద నుంచి ఎక్కడికో పాకి, ఇంకెక్కడో చెమరుస్తుంది. పైగా ఇప్పుడు ఆ నట్టు విప్పాలంటే ఉలి కావాలి.

ఇక వాషరు దగ్గర కాసేపు ఆగుతాను. ఫ్లేర్ జాయింటుకి వాషరుండదు. డీజిల్ ఇంజన్ల దగ్గర, ఫిల్టరు మీద, ట్యాంకు నుంచి డీజిల్‌ని లాగే ఫీడ్ పంపు మీద ఎక్కువగా కనపడేది బెంజో బోల్టు. పైపు చివర గుండ్రటి కన్నులాంటి ముక్క ఉంటుంది. దాని గుండా లోపల బోలుగా ఉన్న బోల్టు దిగుతుంది. కన్నుకి పైన ఒక రాగి వాషరు, కింద ఒకటి. చూడటానికి బాంజో వాయిద్యంలా ఉంటుందని ఆ పేరు. మన మెకానిక్కుల నోట్లో బెంజో అయింది.

రాగిని ఎందుకు పెట్టారంటే అది మెత్తన. బిగించినప్పుడు ఎదుటి ముఖం మీదున్న సన్నటి గీతల్లోకి, గరుకులోకి ఒదిగిపోతుంది. కానీ రాగికి ఒక గుణముంది, నలిగేకొద్దీ గట్టిపడుతుంది. ఒకసారి నలిగిన వాషరు మొదటి రోజు మెత్తదనంతో ఉండదు, పాత ముద్ర కూడా దాని మీదే ఉంటుంది. దాన్నే మళ్లీ వేస్తే పాత గాడి కొత్త చోట కూర్చోదు, గట్టిపడిన రాగి కొత్తగా ఒదగదు. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? ఇంకో పావు చుట్టు. బెంజో బోల్టు లోపల బోలు కాబట్టి దాని మెడ బలహీనం. అక్కడే తెగుతుంది, సగం లోపల ఉండిపోతుంది.

మా మేస్త్రి పాత వాషర్లని తీగకి గుచ్చి, స్టవ్వు మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్లలో ముంచేవాడు. కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడేది ఉక్కు. రాగి అదే కాలడంతో తిరిగి మెత్తబడుతుంది, నీళ్లలో ముంచినా చల్లారబెట్టినా ఒకటే. కమ్మరి కొలిమి దగ్గర కత్తి పదును పెట్టడం చూసిన నాకు ఇది అప్పట్లో గారడీలా ఉండేది. దాన్ని చూసి నేర్చుకుని నేనూ చాలాసార్లు చేశాను. ఇప్పుడు మాత్రం సిఫారసు చెయ్యను. కాలిస్తే మెత్తదనం వస్తుంది గానీ పల్చబడిన మందం రాదు, గాడి పోదు. అర్ధరాత్రి పొలం గట్టు మీద ఆగిపోయిన ఇంజనుకి అది సరైన వైద్యం. షాపు పక్కనే ఉన్న ఊళ్లో అది పిసినారితనం. వాషరు ఖరీదు ఒక టీ ఖర్చు అవుతుందేమో.

వాషర్ల దగ్గర జరిగే ఇంకో పొరపాటు ఉంది. బోల్టు విప్పినప్పుడు పైది బోల్టుతో వస్తుంది. కిందది ఫిల్టరు తలకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, మసీ జిడ్డూ పట్టి కనపడదు. కొత్తవి రెండూ వేస్తే కింద పాతదాని మీద కొత్తది, మొత్తం మూడు. వేలి గోటితో ఒకసారి గీరి చూస్తే తెలిసిపోయే సంగతి. ఆ ఒక్క గీరుడు లేక రెండు రోజులు డీజిల్ కారిన ట్రాక్టరు నాకు తెలుసు.

జాయింటు కారడమంటే బయటికి కారడమే అనుకుంటాం. లోపలికి కూడా కారుతుంది. మా ఊళ్లో ధాన్యం తోలే లారీ ఒకటి రోజూ పొద్దున మొరాయించేది. డ్రైవరు దిగి, ఫీడ్ పంపు దగ్గర చేతి పంపు కొట్టి కొట్టి, ఎయిర్ తీసి, అప్పుడు స్టార్టు చేసేవాడు. దారిలో కూడా ఒక్కోసారి ఊపిరాడనట్టు గిజగిజలాడి ఆగేది. ఎక్కడా చుక్క తడి లేదు. బ్యాటరీ మార్చారు, ఫిల్టర్లు మార్చారు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి చూపించారు. లారీల్లో ట్యాంకు కిందుగా, ఛాసిస్ పక్కన ఉంటుంది. పంపు పైన ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా పైపులో డీజిల్‌ని పీల్చడమే తప్ప తోయడం లేదు. ఆ పీల్చే దారిలో జాయింటు సరిగా కూర్చోకపోతే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారుతుంది, దాని చోటులో గాలి కూర్చుంటుంది. గాలిని నొక్కితే నలుగుతుంది గానీ నాజిలు తెరిచే ప్రెషరు ఇవ్వదు. ఇంజన్ మొరాయించక ఏం చేస్తుంది?

మేస్త్రి చేసిన పరీక్ష ఏమిటంటే, పంపు ముందు పైపు ఒక జానెడు తీసేసి ఆ చోట తెల్లటి పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టాడు. ఇంజన్ తిరుగుతుంటే అందులో బుడగలు వరసగా, సోడా కొట్టినట్టు. తర్వాత ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటు చూసుకుంటూ వచ్చి, ఫీడ్ పంపు బెంజో దగ్గర వంకరపోయిన వాషరు పట్టుకున్నాడు. ఆ బోల్టు అప్పటికే ఎంతమంది బిగించారో, దాని తల మూలలన్నీ అరిగి గుండ్రంగా ఉంది. కొత్త వాషర్లు రెండు వేశాడు. బలం పెట్టినట్టే కనపడలేదు. లారీ మర్నాడు పొద్దున ఒక్క తిప్పుకి లేచింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. పాత డీజిల్ ఇంజన్లకి ఎయిర్ తీసేటప్పుడు నాజిలు దగ్గర నట్టు కాస్త సడలించి, ఇంజన్ తిప్పి, బుడగలు పోయి డీజిల్ చిమ్మాక బిగించడం మనవాళ్లందరికీ అలవాటు. ఇప్పటి కామన్ రైల్ (అన్ని నాజిళ్లకీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ ఇచ్చే) డీజిల్ బండ్ల దగ్గర ఆ అలవాటు ప్రాణాంతకం. ఆ పైపుల్లో ప్రెషరు 1,600 బార్ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ), 2,000 బార్, కొన్నింట్లో ఇంకా పైనే. కంటికి కనపడని సన్నటి చీలిక నుంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు. కానీ లోపల కండరం చచ్చిపోతూ ఉంటుంది. గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే వేలు పోవచ్చు, చెయ్యి పోవచ్చు. అలాంటి పైపు దగ్గర లీకేజీని ఎప్పుడూ చేత్తో తడిమి వెతక్కూడదు. దూరం నుంచి అట్టముక్క ఆడించి చూస్తారు. బిగించడమైనా, సడలించడమైనా ఇంజన్ ఆపి, తయారీదారు చెప్పినంతసేపు ప్రెషరు దిగనిచ్చాకే. ఆ పైపుల్లో చాలావాటిని ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దు, కొత్తది వెయ్యమని కంపెనీలే రాస్తాయి. వాటి చివరున్న శంకు ఒకసారి ఒక సీటుకి ఒదిగాక ఇంకోసారి అలాగే ఒదుగుతుందన్న నమ్మకం లేదు కాబట్టి.

తిరిగి నా జీపు దగ్గరికి. చీలిన నట్టు తీసి పైపు చివర భూతద్దంతో చూశాను. ఫ్లేర్ ఒక పక్క మెరుస్తోంది, ఇంకో పక్క మసకగా ఉంది. అంటే సీటుకి ఒక పక్కే తాకుతోంది, పైపు వంకరగా దిగుతోంది. కార్బ్యురేటరు మళ్లీ పెట్టేటప్పుడు పైపు అర అంగుళం పక్కకి ఉంటే, వాళ్లు దాన్ని చేత్తో లాగి, నట్టు తోనే తెచ్చి కూర్చోబెట్టారు. బిగించినంత మాత్రాన పైపు ఆ సంగతి మర్చిపోదు. అది స్ప్రింగులాగా తన పాత చోటికి పోవాలని రోజంతా లాగుతూనే ఉంటుంది. పైపు చివర నట్టు లేకుండానే సీటు మీద తిన్నగా వాలాలి. నట్టుని ముందు నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పగలగాలి. వేళ్లతో తిరగకపోతే తప్పు వేళ్లది కాదు, పైపుది. దాన్ని వంచి సరిచెయ్యాలి.

పైపుని బలవంతాన తప్పించడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానం గుర్తొస్తుంది. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఏ330. అంతకు కొన్ని రోజుల ముందే దాని కుడి ఇంజన్ మార్చారు. పెట్టిన ఇంజన్ కొంచెం పాత నమూనాది. మార్పిడిలో కొత్త నమూనా ఇంధనం పైపు, పాత నమూనా హైడ్రాలిక్ పైపు పక్కపక్కన వచ్చాయి. వాటి మధ్య ఉండాల్సినంత సందు లేదు. చేత్తో ఎడంగా పట్టుకుని బిగిస్తే సందు ఉన్నట్టే కనపడుతుంది. లోపల ప్రెషరు ఎక్కగానే పైపు తన సహజమైన చోటికి జరుగుతుంది. ఒకదానికొకటి రాసుకుని, ఇంధనం పైపు పగిలి, అట్లాంటిక్ మీద ఇంధనమంతా పోయింది. రెండు ఇంజన్లూ ఆగాయి. 306 మందితో ఆ విమానం దాదాపు 19 నిమిషాలు ఇంజన్ లేకుండా గాలిలో జారుతూ అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే మీద దిగింది. అందరూ బతికారు. అక్కడ పోయింది జాయింటు కాదు, పైపే. అయినా మూలం అదే: పక్కకి లాగి పట్టుకుని బిగించిన పైపు, చెయ్యి తీశాక ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు.

ఓడల వాళ్లు ఈ విషయాన్ని మనకన్నా సీరియస్‌గా తీసుకున్నారు. విశాఖలో చదివి ఓడలెక్కిన నా క్లాస్‌మేట్ ఒకడు మెరైన్ ఇంజనీరు. వాడు చెబితేనే తెలిసింది, అంతర్జాతీయ సోలాస్ (సముద్రం మీద ప్రాణరక్షణ) నిబంధనల ప్రకారం ఓడ డీజిల్ ఇంజన్ల హై ప్రెషర్ ఇంధనం పైపులకి పైన ఇంకో పైపు తొడుగు ఉండాలి. లోపలిది పగిలినా ఇంధనం తొడుగులోనే పడి, అలారం ట్యాంకుకి చేరాలి. పాత ఓడలకి కూడా 2003 జూలై 1 గడువు పెట్టి మరీ చేయించారు. 220 డిగ్రీలు దాటి వేడెక్కే ఏ ఉపరితలమైనా, పైపు పగిలి ఇంధనం పడే చోట ఉంటే, దానికి ఇన్సులేషన్ తప్పనిసరి. అంటే వాళ్లు జాయింటు ఏదో ఒకరోజు కారుతుందని ముందే ఒప్పుకుని, కారినా అంటుకోకుండా చూసుకున్నారు. మనం జాయింటు కారదని నమ్మి, కారాక టేపు చుడతాం.

వైబ్రేషన్ సంగతి కూడా ఇందులో భాగమే. పొడుగాటి పైపుని దారిలో క్లిప్పులతో పట్టి ఉంచుతారు. సర్వీసింగ్‌లో ముందు మాయమయ్యేవి ఆ క్లిప్పులే. "అదేం పర్లేదు సార్" అంటారు. క్లిప్పు లేని పైపు ఇంజన్‌తో పాటు ఊగుతుంది, ఆ ఊపంతా చివరి జాయింటు మెడ మీద పడుతుంది. ఇనుప పైపు బదులు తేలిగ్గా వంగుతుందని రాగి పైపు వేసే వాళ్లున్నారు. వాషరులో మెచ్చుకున్న రాగి గుణమే ఇక్కడ శత్రువు: ఊగీ ఊగీ గట్టిపడి, ఫ్లేర్ వెనకాల చుట్టూ సన్నగా పగులుతుంది. పైగా రాగి తగిలితే ఇంధనం త్వరగా చెడి జిగురు పడుతుంది. ఏసీ వాళ్ల దగ్గర రాగి పైపు ముక్క ఊరికే దొరుకుతుంది కదా అని తెచ్చి వేసుకోకండి.

కొత్త పైపు నేనే చేశాను. పైపు కోసే కట్టరుతో కోసి (హాక్సా బ్లేడుతో కోస్తే అంచు వంకర, లోపల రవ్వలు), లోపలి అంచు గీకి, ఫ్లేర్ చేసే పరికరంలో బిగించి, రెండుసార్లు మడిచే డబుల్ ఫ్లేర్ వేశాను. అందంగా వచ్చింది. ఫొటో తీసి ఇంట్లో గ్రూపులో కూడా పెట్టాను. అప్పుడు చూసుకుంటే నట్టు బల్ల మీద ఉంది. నట్టుని పైపుకి ముందు తొడిగి, ఆ తర్వాతే ఫ్లేర్ చెయ్యాలి. ఈ పని చేసిన ప్రతివాడూ ఒకసారైనా ఇది చేసి ఉంటాడు, ఒప్పుకోడు. ఆ చివర కోసేసి మళ్లీ చేశాను.

ఫ్లేర్ కోణం కూడా చూసుకోవాలి. మోటారు బండ్లలో ఎక్కువగా 45 డిగ్రీల ఫ్లేరు. విమానాలు, హైడ్రాలిక్ యంత్రాల నుంచి వచ్చిన ఫిట్టింగులు 37 డిగ్రీలవి. పక్కపక్కన పెడితే కవల పిల్లలు. రెండూ కలిపి బిగిస్తే సన్నటి అంచొకటే తాకుతుంది, కొన్నాళ్లు నిలబడి తర్వాత చెమరుస్తుంది. మరల సంగతీ అంతే. బ్రేకు పైపులకీ, సన్నటి ఇంధనం పైపులకీ వాడే 10 మిల్లీమీటర్ల సన్న మర, అంగుళాల లెక్కలో మూడు బై ఎనిమిది సన్న మర, తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకటి ఇంకోదాంట్లో కొన్ని చుట్లు వెళ్తుంది. వదులుగానో బిగుతుగానో ఉంటే, మురికి పట్టిందేమో అనుకుని బలం పెడతాం. పాత జీపులు అంగుళాల బండ్లు, తర్వాత వచ్చిన భాగాలు మిల్లీమీటర్లవి. నాలుగు చేతులు మారిన బండిలో రెండూ కాపురం చేస్తుంటాయి.

బిగించేటప్పుడు రెండు స్పానర్లు పట్టాను. ఒకటి కార్బ్యురేటరు వైపు యూనియన్‌ని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి నట్టు తిప్పడానికి. ఒక్క స్పానరుతో తిప్పితే యూనియన్ కూడా తిరుగుతుంది, పైపు మెలిపడుతుంది. రింగు స్పానరుకి ఒక పక్క పైపు దూరేంత సందు కోసినట్టుండే రకం ఒకటి దొరుకుతుంది, నట్టు మూలలు అరగకుండా అదే మేలు.

ఇదంతా చదివి, "అయితే వదులుగా వదిలెయ్యాలా?" అని అడిగేవాళ్లుంటారు. వదిలేస్తే కూడా కారుతుంది. ఎంత బిగించాలన్నది బలంతో తేల్చకూడదని మాత్రమే నా వాదన. ఇందుకు మంచి ఉదాహరణ సీఎన్‌జీ ఆటోలు. విజయవాడలో, హైదరాబాద్‌లో అవి ఎన్ని తిరుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం. సిలిండరు నిండుగా ఉంటే దాని నుంచి రెగ్యులేటరు దాకా వచ్చే సన్నటి స్టీలు పైపులో 200 బార్ ఉంటుంది, మా జీపు పైపుకి కొన్ని వందల రెట్లు. అలాంటి పైపులకి ఫెర్రూల్ ఫిట్టింగులు వాడతారు. పైపు మీద తొడిగిన చిన్న ఉంగరం, నట్టు బిగుసుకునేకొద్దీ పైపుని కొరికి పట్టుకుంటుంది. రెండు ఉంగరాల రకంలో సాధారణ సైజులకి లెక్క ఏమిటంటే, వేళ్లతో బిగిసేదాకా తిప్పి, నట్టు మీద మార్కర్‌తో గీత పెట్టి, అక్కణ్ణుంచి స్పానరుతో ఒకటింబావు చుట్టు. బలం ఎంత అన్న ప్రశ్నే లేదు. చుట్లు లెక్కపెట్టాలి. ఆ పావు చుట్టు కంపెనీ లెక్కలో ఉన్న పావు. నా పావు చుట్టుకి లెక్కా లేదు, గీతా లేదు. పరీక్ష సబ్బు నీళ్లతో, గ్యాస్ పొయ్యి దగ్గర చేసినట్టే. బుడగ వస్తే గ్యాస్ కట్టేసి, ప్రెషరు దింపాకే ముట్టుకోవాలి. అదైనా అనుమతి ఉన్న సెంటరు వాళ్ల పని, మనది కాదు. ఆ పైపు దారిలో స్ప్రింగులా ఒక చుట్ట కనపడుతుంది, అందం కోసం కాదు. ఊపు ఫిట్టింగు మీద పడకుండా అది మింగుతుంది. ఒక ఆటోలో ఆ చుట్టని 'అడ్డంగా ఉంద'ని తిన్నగా లాగేసి ఉండటం నా కళ్లతో చూశాను. దిగి చెప్పాను. "ఏం కాదన్నా, రెండేళ్ల నుంచీ అట్నే ఉంది" అన్నాడు ఆ అబ్బాయి.

ఈ 'ఏం కాదు' దగ్గరే నేను గ్యారేజీ వాళ్లని పూర్తిగా తిట్టలేకపోతున్నాను. బిల్లు మీద 'వాషర్లు' అని ఉంటే ఇదేంటని అడిగిన కస్టమరు నేనే. పైపు మళ్లీ వంచి సరిచెయ్యడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటకి నేను డబ్బివ్వను, ఎందుకంటే నాకది కనపడదు. కడిగిన కార్బ్యురేటరు తళతళలాడుతూ కనపడుతుంది, దానికిస్తాను. కాబట్టి కుర్రాడు కనపడేది కడుగుతాడు, కనపడనిది బిగిస్తాడు. ఈసారి నుంచి బండి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి ఇద్దామనుకుంటున్నాను: విప్పిన ప్రతి జాయింటు పాత వాషరూ ఒక కవర్లో వేసి నాకివ్వండి, కొత్తవాటికీ, మీ టైముకీ విడిగా బిల్లు వెయ్యండి. గ్యారేజీ వాళ్లు నన్ను చాదస్తుడి కింద లెక్కేస్తారు. వేసుకోనీ.

కొత్త పైపు పెట్టిన రోజు జాయింటుని గుడ్డతో పొడిగా తుడిచి, ఇంజన్ పది నిమిషాలు తిప్పి, ఆపి, చల్లారనిచ్చాను. తర్వాత నట్టు చుట్టూ కాస్త ముఖం పౌడరు చల్లాను. పెట్రోలు ఆరిపోయి మాయమైనా పౌడరు మీద మరక దాచలేదు. రాత్రికి నట్టు కింద న్యూస్‌పేపరు ముక్క కూడా పెట్టాను. పొద్దున తీసి ఎండలో పట్టి చూశాను, మరక లేదు. మూడు వారాలుగా ఆదివారం బండి బయటికి తీసి తెచ్చాక కొత్త ముక్క పెట్టడం, మర్నాడు పొద్దున చూడటం. ఇప్పటివరకు పొడి.

అట్లా పక్క మీద పడుకుని టార్చి వేసి చూస్తుంటే ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం కనపడింది. ఇనుప పైపు చివర ఉండాల్సిన ఉబ్బు దాటి కాకుండా, సరిగ్గా ఆ ఉబ్బు మీదే క్లిప్పు బిగించి ఉంది. గొట్టం వంగిన చోట సన్నటి పగుళ్లు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఇంత పాత రబ్బరు ఎన్నాళ్లు తట్టుకుంటుందో. ఆదివారం దాకా ఆగను, రేపు సాయంత్రమే షాపుకి వెళ్లాలి.